ముంపు పరిహారం సరే, మురుగు కాల్వ నిధి ఏది?

డెల్టాలో గట్టి వాన పడిన మూడో రోజున ఏ ఊరికి వెళ్లినా కనిపించేది ఒకటే. పంట కాల్వ నిండుగా ఉంటుంది, మురుగు కాల్వ అంతకంటే నిండుగా ఉంటుంది, మధ్యలో చేను చెరువై ఉంటుంది. గట్టుకు గండి పెడితే చేలో నీరు బయటికి పోదు సరికదా, కాల్వలో నీరే చేలోకి ఎగదన్నుతుంది. ఇంజను పెట్టి తోడిన రైతు, తోడిన నీళ్లనే మళ్లీ తోడుతూ డీజిలు తగలేసుకుంటాడు. ఆ తర్వాత నాయకులు వస్తారు, మోకాలి లోతు నీళ్లలో ఫొటో దిగుతారు, నష్టం అంచనా వేయమని ఆదేశిస్తారు.

పరిహారం వద్దని మేము అనడం లేదు. దాని లెక్క ఒకసారి చూద్దాం. కేంద్ర విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ. నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు ఏడు వేలు కూడా కాదు. 2024 సెప్టెంబరు వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి హెక్టారుకు 25,000 ఇస్తామంది, అంటే ఎకరాకు పది వేలు. దుక్కి, నారు, ఊడ్పు కూలీ, ఎరువు, పైన కౌలు కలిపితే అది ఏ మూలకు? కౌలు రైతుకైతే గుర్తింపు కార్డు లేకపోతే ఆ పాటి కూడా చేతికి రాదు. నీళ్లు తీసే దారి బాగుచేస్తే ఈ డబ్బులో చాలా భాగం ఇవ్వాల్సిన అవసరమే రాదన్నది మా వాదన.

డెల్టాకు ఇది కొత్త జబ్బేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. కాల్వలు తవ్వి నీళ్లు తెచ్చారు. కాటన్ దొర విగ్రహం లేని ఊరు మన గోదావరి జిల్లాల్లో అరుదు. అయితే తెచ్చిన నీరు, పైనుంచి కురిసిన నీరు తిరిగి సముద్రానికి ఎలా పోవాలన్న ప్రశ్నకు అదే శ్రద్ధతో జవాబు చెప్పినవాళ్లు లేరు. 1960ల్లో ముంపు భరించలేని స్థితికి వచ్చాక మిత్రా కమిటీ వేశారు. 1968లో కృష్ణా, గోదావరి డెల్టా మురుగు పారుదల సెస్సు చట్టం తెచ్చారు. 1985లో పెన్నా డెల్టాను కూడా కలిపి మరో చట్టం చేశారు. అంటే మురుగు కాల్వలు బాగుచేస్తామని చెప్పి రైతు దగ్గరే సెస్సు అడిగిన చరిత్ర ఇది. ఇవాళ గ్రాంటు అడిగితే ఖజానా మీద భారం అని ముఖం చిట్లించే అధికారులు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుంటుంది.

ఇప్పుడు డబ్బు అసలు రావడం లేదా అంటే, వస్తుంది. ఎప్పుడు, ఎలా వస్తుందన్నదే గొడవ. వేసవిలో కాల్వలు కట్టేసిన కొద్ది వారాలే పనికి అదును. అంచనాలు, మంజూరు, టెండరు అన్నీ అయ్యేసరికి మే నెల గడిచిపోతుంది. జూన్‌లో సార్వాకు నీళ్లు వదులుతారు. ఆ హడావుడిలో పొక్లెయిను రోడ్డు పక్కన కనిపించే మేరకే తిరుగుతుంది. గుర్రపుడెక్కను తీసి వంతెన దాకా నెడతారు. తీసిన పూడిక గట్టు మీదే పోస్తారు, మొదటి వానకే అది మళ్లీ కాల్వలో పడుతుంది. కొన్నిచోట్ల మందు కొట్టి గుర్రపుడెక్కను చంపుతున్నారు. చచ్చిన డెక్క కుళ్లి అడుగున చేరి అదే పూడికవుతుంది. ఎన్ని ఘనపు మీటర్లు తీశారని నీళ్లు వచ్చాక అడిగితే ఎవరు కొలుస్తారు? కొలత పుస్తకానికి కాల్వ అడుగు కనిపించదు గదా!

ఇంకో తిరకాసు ఉంది. డెల్టా నేలకు వాలు చాలా తక్కువ. యనమదుర్రు, గొంతేరు లాంటి డ్రెయిన్లలో నీరు తన బరువు మీదే మెల్లగా జారాలి. చివర సముద్రపు పోటు వచ్చినప్పుడు అసలు జారదు, ఎదురొస్తుంది. పాటు సమయంలో దొరికే ఆ కొద్ది గంటల్లోనే మురుగు దిగిపోవాలి. కాబట్టి మొగ దగ్గర ఇసుక మేట ఉన్నా, స్లూయిజు తలుపులు తుప్పు పట్టి లేవకపోయినా పైన ఎంత తవ్వినా లాభం లేదు. పైగా నష్టం కూడా. పై ఊళ్ల నీరు తొందరగా దిగి కింది ఊళ్ల మీద పడుతుంది. కొల్లేరుకు ఇదే జరుగుతోంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసే నీరంతా ఒక్క ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి. అందుకే పని మొగ దగ్గర మొదలై పైకి రావాలని మేము పదేపదే అడుగుతున్నాం. ఎమ్మెల్యే ఊరి దగ్గర మొదలుపెట్టి నిధులు అయిపోయిన చోట ఆపే పద్ధతి పోవాలి.

చేపల చెరువుల సంగతి మాట్లాడకపోతే ఈ వ్యాసం సగమే. మన సంఘంలోనే చెరువుల రైతులు ఉన్నారు, వాళ్ల కష్టం మనకు తెలుసు. అయినా మురుగు బోదెను కలిపేసుకుని గట్టు వేస్తే పైనున్న యాభై ఎకరాల వరి చేను మునుగుతుంది. రొయ్యల చెరువు ఉప్పునీరు డ్రెయినులోకి వదిలితే పక్క చేను చౌడు తేలుతుంది. అనుమతి ఇచ్చేటప్పుడే బోదె హద్దు రాళ్లు పాతించాలి. ఇక్కడ సంఘం మొహమాట పడకూడదు.

పొలం స్థాయి బోదెలది దిక్కులేని కథ. గ్రాంటు వస్తే పెద్ద డ్రెయిన్లకు వస్తుంది. చేను నుంచి పెద్ద డ్రెయినుకు చేర్చే చిన్న బోదె ఏ శాఖ పద్దులోనూ సరిగా ఉండదు. ఆయకట్టు అభివృద్ధి కార్యక్రమం 1974-75లో మొదలైనప్పుడు పొలం మురుగు కాల్వలు కూడా అందులో భాగమే. ఆచరణలో పంట బోదెలకు సిమెంటు పడింది, మురుగు బోదెలు మిగిలిపోయాయి. ఉపాధి హామీ కూలీలతో పూడిక తీయించవచ్చు గానీ, నడుములోతు బురద తీయడానికి యంత్రం కావాలి, ఆ నిబంధనలు యంత్రాన్ని ఒప్పుకోవు.

నేల లోపల చిల్లుల గొట్టాలు వేసి ఉప్పునీటిని బయటికి పంపే పద్ధతిని బాపట్ల శాస్త్రవేత్తలు కోనంకి, ఉప్పుగుండూరు, కాళీపట్నంలో రైతుల పొలాల్లోనే పరీక్షించారు. ఉప్పు తగ్గింది, దిగుబడి పెరిగింది. అక్కడితో ఆగిపోయింది. ఎకరా చొప్పున గొట్టాల ఖర్చు సన్నకారు రైతు సొంతంగా పెట్టుకోలేడు, ఇది గ్రాంటుతోనే సాధ్యం. సమస్యాత్మక నేలల బాగుకు రాష్ట్రీయ కృషి వికాస్ యోజనలో ఉప పథకం ఉంది. దాన్ని మన జిల్లాలకు అడిగి తెచ్చుకోవాలి. కాకపోతే గొట్టం నీరు పడే డ్రెయిను ముందు ఖాళీగా ఉండాలి. ముందు ఏ పనో దీన్నిబట్టే తెలుస్తుంది.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు మా దగ్గర జవాబుంది. 15వ ఆర్థిక సంఘం విపత్తు నిధిలో 80 శాతం సహాయానికి, 20 శాతం నష్టం ముందే తగ్గించే పనులకు అని విడగొట్టింది. ఆ 20 శాతం పెద్ద కరకట్టలకూ తీరం గోడలకూ కాదు, స్థానికంగా చేసే చిన్న పనులకే ఉద్దేశించారు. ఊరి మురుగు బోదె కంటే స్థానికమైన పని ఇంకేముంటుంది? జిల్లా ప్రణాళికల్లో దీన్ని చేర్పించాలి. మంజూరు జనవరిలో రావాలి, పని కాల్వలు కట్టేసిన మర్నాడు మొదలుకావాలి. పనికి ముందు, తర్వాత అడుగు మట్టం కొలత నీటి సంఘం ప్రతినిధి, ఆయకట్టు రైతుల ఎదుటే జరగాలి. ఆ కొలత పంచాయతీ గోడ మీద రాయాలి. కౌలు రైతు సంతకం కూడా చెల్లాలి.

2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలీ ఖర్చుతో పాటు మురుగు పోని చేల బాధ కూడా అప్పుడు వినిపించింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. 2022లో కోనసీమలో మళ్లీ అదే మాట లేచింది. స్వర్ణ సబ్-1 లాంటి వరి రెండు వారాల దాకా మునకను ఓర్చుకుంటుంది. పైరుకు ఓర్పు నేర్పిన శాస్త్రవేత్తలకు దండం. వరి ఓర్చుకుంటుంది గదా అని కాల్వను వదిలేస్తే మాత్రం పూత దశలో వచ్చే తుపానుకు ఏ వంగడమూ నిలవదు.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే ఒక పని చేయాలి. మీ ఊరి మురుగు బోదెల పేర్లు, అవి ఏ డ్రెయినులో కలుస్తాయో, ఎక్కడ ఆక్రమణ ఉందో, ఏ తూము పూడిపోయిందో ఒక కాగితం మీద రాయండి. ప్రతి కల్వర్టు దగ్గర వెదురు గెడ దించి నీరు ఎంత, బురద ఎంత కొలిచి తేదీతో వేయండి. కింది ఊరి కమిటీతో కలిసి కూర్చుని ఒకే డ్రెయిను మీద ఉన్న ఊళ్లన్నిటికీ ఉమ్మడి అర్జీ తయారు చేయండి. ఒక నకలు గ్రామసభ తీర్మానంతో కలెక్టరు కార్యాలయానికి, ఒక నకలు సంఘం జిల్లా కార్యాలయానికి పంపండి. కాల్వలు కట్టేయకముందే అవి అక్కడికి చేరాలి.