మడికొక కొత్త కోత మిషను కొంటామా?

శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే సూళ్లూరుపేట వైపు మా ఇళ్ళ కిటికీలు అదురుతాయి. చేలో పని వదిలేసి గట్టెక్కి తలెత్తి చూస్తాం. చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు, ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అబద్ధం చెప్పను.

కానీ ఆ సాయంత్రానికల్లా ఫోన్‌లో ఒకటే ఫార్వర్డ్. మంగళయాన్ 450 కోట్లే, హాలీవుడ్ సినిమా కన్నా చవక అని. అన్నా, అది 2013లో ఎగిరింది. అప్పుడు పండిన పంట గురించి ఇప్పటికీ అరుగు మీద కూర్చుని చెప్పుకుంటుంటే పక్క చేనువాడు ఎక్కడిదాకా పోయాడో చూశారా?

ఒక్కసారి ఇట్లా ఆలోచించండి. కోత మిషను కొన్నారు. ఒక మడి కోసింది. కోశాక దాన్ని తోలుకెళ్ళి పులికాట్‌లో తోసేశారు. రెండో మడికి మళ్ళీ కొత్త మిషను. ఊళ్ళో మిమ్మల్ని ఏమంటారు? రాకెట్ల సంగతి అరవై ఏళ్ళుగా దాదాపు ఇంతే. మనవాళ్ళే కాదు, అందరూ అంతే. మంట అయిపోయిన భాగాలు సముద్రంలోకి పోతాయి. 2023లో మన పీఎస్‌ఎల్‌వీ ముక్క ఒకటి ఆస్ట్రేలియా ఒడ్డుకు కొట్టుకుపోయింది కూడా.

2015 డిసెంబర్‌లో అమెరికాలో స్పేస్‌ఎక్స్ వాళ్ళు ఫాల్కన్ 9 కింది భాగాన్ని తిప్పి తెచ్చి నిలువుగా నేల మీద దించారు. 2017 మార్చిలో, అంతకుముందు ఎగిరొచ్చిన దాన్నే మళ్ళీ ఎగరేశారు. తొమ్మిది ఇంజన్లుండేది ఆ కింది భాగంలోనే, ఖర్చులో పెద్ద వాటా దానిదే. ఇప్పటికే కొన్ని బూస్టర్లు ముప్పై సార్లు దాటి ఎగిరాయి. ఊరికే రాలేదు ఆ విద్య. దిగడానికి ఇంధనం మిగుల్చుకోవాలి, గింజలన్నీ అమ్మేయకుండా విత్తనాలకు దాచుకున్నట్టు. అందుకే పారేస్తే పై కక్ష్య వైపు 8.3 టన్నులు మోసే రాకెట్, తిరిగి రావాలంటే 5.5 టన్నులే మోస్తుంది. అయినా వాళ్ళకు గిట్టింది. 2024లో 130కి పైగా ఎగరేశారు. అదే ఏడాది శ్రీహరికోట నుంచి మనవి 5.

పోనీ, వాళ్ళది అద్దెకు తీసుకుంటే పోలా అంటారు కొందరు. తీసుకున్నాం కదా! 4,700 కిలోల మన జీశాట్ ఉపగ్రహాన్ని 2024 నవంబర్‌లో ఫ్లోరిడా తీసుకెళ్ళి ఫాల్కన్ మీద పంపించాం, మన పెద్ద రాకెట్‌కు అంత బరువు భారమని. అంతకుముందు బరువైనవి ఏరియాన్ మీద పంపేవాళ్ళం. కోత మిషను అద్దె సంగతి మీకు నేను చెప్పాలా? మిషను అప్పు తీరిందని ఓనరు ఎప్పుడైనా గంట రేటు తగ్గించాడా? ఫాల్కన్ రేటూ అంతే. వాడిందే వాడుతున్నా 62 మిలియన్ డాలర్లున్న ధర 2022లో 67 అయింది. మిగులు వాళ్ళ జేబులోకే. తప్పని అనను, పక్కన రెండో మిషను లేనప్పుడు ఎవడైనా అదే చేస్తాడు. మన మిషను మనకుండాలి అనేది అందుకే.

ఇక రెండో రకం పెద్దమనుషులు. రైతు అప్పుల్లో ఉంటే రాకెట్లెందుకు అని మా పేరు వాడుకునేవాళ్ళు. మా తరఫున మీరు మాట్లాడకండి సార్. 1977 నవంబర్‌లో దివిసీమలో ఉప్పెనకు పది వేల మంది పైనే పోయారు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ వస్తోందని రోజుల ముందే ఫోన్‌లో చూసి నేను నారు పోయడం ఆపుకున్నా. తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆగని వాళ్ళ నారుమళ్ళు నీళ్ళలో కుళ్ళాయి. ఆ కబురు ఆకాశంలోంచే వచ్చింది. ఆ ఉపగ్రహాలు ముసలివవుతాయి, కొత్తవి వేళకు ఎగరాలి.

మరి మన పని ఎక్కడుంది? చిత్రదుర్గలో రెక్కల బండిని హెలికాప్టర్ నుంచి వదిలి 2023, 2024లలో మూడుసార్లు చక్కగా దించారు. భేష్. కానీ అది ట్రయల్ ప్లాటు, పొలం కాదు. కింది భాగం తిరిగొచ్చే కొత్త రాకెట్‌కు 2024 సెప్టెంబర్‌లో కేంద్రం 8,240 కోట్లు మంజూరు చేసింది. గడువు 96 నెలలు. ఎనిమిదేళ్ళు! ఈలోపే, 2025 నవంబర్‌లో బ్లూ ఆరిజిన్ కూడా తన బూస్టర్‌ను సముద్రంలో ఓడ మీద దించేసింది.

ఇంకో చేదు మాట. ఏడాదికి ఐదు ఎగరేసేవాడికి తిరిగొచ్చే రాకెట్ గిట్టదు. ఐదెకరాల వాడు కోత మిషను కొన్నట్టే. స్పేస్‌ఎక్స్ ఎగరేసినవాటిలో సగానికి పైగా సొంత స్టార్‌లింక్ కోసమే, అంటే పొలం కూడా వాళ్ళదే. కాబట్టి రాకెట్‌తో పాటు పంపడానికి ఉపగ్రహాలూ కావాలి. వాతావరణానికి, చేపల వేటకు, నేల తేమకు, ఎన్ని కావాలో లెక్క తీసి ఆర్డర్లు ఇప్పుడే ఇవ్వండి. హైదరాబాద్ స్కైరూట్ లాంటి కుర్రాళ్ళకూ అందులో వాటా ఇవ్వండి.

అంతదాకా ఆ సినిమా ఫార్వర్డ్ నాకు పంపకండి. పంపేవాళ్ళు దాని బదులు ఆ 96 నెలల్లో ఎన్ని అయ్యాయో, ఎంత పని జరిగిందో కనుక్కుని రాయండి, నేనే షేర్ చేస్తా.