కళ తప్పిన ఊళ్ల జాబితా మనమే రాద్దాం: చిన్న పట్టణాల ఉద్యమ ప్రణాళిక

ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే సందడి లేని ఊరు ఏది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం చాలా తేలికని కొందరు అనుకుంటారు. జనాభా లెక్కలు ముందేసుకుంటారు. జనం తక్కువున్న ఊరికి, వయసు మళ్లినవాళ్లు ఎక్కువున్న ఊరికి, పెళ్లయి పిల్లలతో స్థిరపడ్డ కుటుంబాలే నిండిన ఊరికి, చదరపు కిలోమీటరుకు మనుషులు పల్చగా ఉన్న ఊరికి మార్కులు కోస్తారు. చివరికి ‘రాష్ట్రంలో పరమ బోరు కొట్టే పది ఊళ్లు’ అని ఒక జాబితా బయటికొస్తుంది. అమెరికాలో ఇళ్ల అమ్మకాల వ్యాపారం చుట్టూ అల్లుకున్న సంస్థలు రాష్ట్రానికొకటి చొప్పున ఏళ్లుగా ఇలాంటి జాబితాలు వదులుతున్నాయి. సగటు వయసు, వివాహితుల శాతం, పిల్లలున్న ఇళ్ల శాతం, జనసాంద్రత లాంటి జనగణన అంకెలే వాటికి ముడిసరుకు.

మన దగ్గర అలాంటి జాబితాను ఎవరూ కొత్తగా అచ్చువేయక్కర్లేదు. అది ప్రభుత్వ కాగితాల్లో ఎప్పట్నుంచో ఉంది. కేంద్ర ఉద్యోగుల ఇంటద్దె భత్యం చూడండి. జనాభా 50 లక్షలు దాటిన నగరం ‘ఎక్స్’, 5 లక్షలు దాటింది ‘వై’, మిగిలిన దేశమంతా ‘జెడ్’. ఎక్స్‌లో పనిచేస్తే మూల వేతనంలో 30 శాతం, వైలో 20, జెడ్‌లో 10. రాజమండ్రి, కర్నూలు అంతటి ఊళ్లే ఈ లెక్కలో జెడ్ కింద ఉంటే, నరసాపురం, వెంకటగిరి, బొబ్బిలి మాట చెప్పేదేముంది? 2015లో అమృత్ పథకం వచ్చినప్పుడు లక్ష జనాభా దగ్గర గీత గీశారు. గీత దాటిన ఊరికి మంచినీళ్లు, మురుగు కాలవలు, పార్కులకు డబ్బు. గీతకి రెండు వేలు తక్కువైన ఊరికి ఎదురుచూపులు. 2021లో రెండో విడత వచ్చాక గానీ చిన్న మునిసిపాలిటీలకు అమృత్ నీళ్ల పథకం వర్తించలేదు. బ్యాంకుల లెక్కలోనూ అంతే. పదివేలు దాటి లక్షలోపు ఉంటే ‘సెమీ అర్బన్’, అంటే ఊరూ కాదు, పట్నమూ కాదు.

ఆ కాగితాల్లోని గీతలే మనుషుల నోళ్లలోకి దిగుతాయి. బదిలీ ఉత్తర్వు అందుకున్న డాక్టరు ముందు అడిగేది ‘అక్కడ ఏముందండీ?’ అని. సంబంధం చూడ్డానికొచ్చిన పెళ్లివారు ‘అబ్బాయి అక్కడే ఉంటాడా, హైదరాబాదు మారతాడా?’ అని అడుగుతారు. ఇంటర్ అయిన పిల్లలు ‘ఇక్కడుంటే పిచ్చెక్కుతుంది’ అంటారు. ఆ పిల్లల మాటను మేము కొట్టిపారేయం. ఈ ప్రణాళిక వాళ్ల మాట దగ్గరే మొదలవుతోంది. మా ఊళ్లలో చాలావాటిలో సాయంత్రాలు నిజంగానే చప్పగా ఉన్నాయి. అయితే ఆ చప్పదనం జనం తక్కువై వచ్చింది కాదు. ఆ జనానికి దక్కాల్సినవి దక్కకపోవడం వల్ల వచ్చింది.

అందుకే చిన్న పట్టణాల్లో ఉంటున్నవాళ్లం, అక్కడ పుట్టి బయటికి వెళ్లినవాళ్లం కలిసి ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. కళ తప్పిన ఊళ్ల జాబితా వద్దని మేము అనడం లేదు. ఆ జాబితా మేమే రాస్తాం. జనాభా లెక్కలతోనే రాస్తాం. తేడా ఒక్కటే. ఇప్పటిదాకా జనాభాను ఊరికి వేసే మార్కుగా వాడారు. మేము దాన్ని భాజకంగా వాడతాం. ఊళ్లో గ్రంథాలయంలో ఎన్ని కుర్చీలున్నాయి, వాటిని ఎంతమంది జనం పంచుకోవాలి? దీపాలున్న మైదానం ఎన్ని వేలమందికి ఒకటి? రాత్రి ఎనిమిది తర్వాత ఎన్ని బస్సులు, ఎన్ని పల్లెలకు? ఈ భాగహారం చేస్తే జాబితా తలకిందులవుతుంది. యాభై వేల జనాభాకు మంచి గ్రంథాలయం, హాలు ఉన్న ఊరు పైకొస్తుంది. రెండు లక్షలు దాటి ఒక్క మైదానం కూడా మిగలని ఊరు అడుగుకు పోతుంది. అప్పుడు ఆ జాబితా అవమానంగా ఉండదు, బాకీల చిట్టాగా ఉంటుంది.

తలల లెక్క ఎంత గుడ్డిదో తెలియాలంటే నరసాపురం వెళ్లండి. 2011 లెక్కల్లో 58 వేల పైచిలుకు జనం. వశిష్ఠ గోదావరి ఒడ్డు. మధ్యాహ్నం రెండింటికి వీధుల్లో నడిస్తే ఊరు కునుకు తీస్తోందనే అనిపిస్తుంది. ఏ ఇంటి అరుగు దగ్గరైనా ఒక్క నిమిషం ఆగండి. తెల్లదారం ఉండ ఒళ్లో పెట్టుకుని, చివర చిన్న కొక్కెం ఉన్న సూదితో ఒకావిడ లేసు అల్లుతూ ఉంటుంది. ముడి వెనక ముడి పడుతూ పువ్వవుతుంది, పువ్వు పక్కన పువ్వు చేరి బల్లగుడ్డ అవుతుంది. చూపు సూది మీద ఉంటుంది, మాట పక్కింటావిడతో సాగుతుంటుంది. ఆ గుడ్డ చివరికి పరచుకునేది ఐరోపాలోనో అమెరికాలోనో ఎవరి భోజనాల బల్ల మీదో. సముద్రాలు దాటే సరుకు తయారవుతున్న చోటుకి ‘అక్కడేముంది’ అని పేరు! జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ నరసాపురం లేసు అల్లే స్త్రీల గురించి 1982లో ఏకంగా ఒక పుస్తకం వేశారు. ఆమె ఎత్తిచూపిన సంగతి ఇదే: ప్రపంచ మార్కెట్‌కి పనిచేస్తున్న ఈ ఆడవాళ్లు గృహిణులుగానే చలామణీ అవుతారు. వాళ్లది పని కాదు, తీరిక వేళల్లో కాలక్షేపం అన్నట్టు.

ఈ గుడ్డితనం నిబంధనల్లోనే ఉంది. మునిసిపాలిటీ లేని ఒక ఊరిని జనగణన శాఖ పట్టణంగా గుర్తించాలంటే మూడు షరతులు. కనీసం 5,000 జనాభా. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది. పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. మూడో షరతు మళ్లీ చదవండి. మగవాళ్లలో! ఆడవాళ్లందరూ లేసు అల్లినా, మగ్గం నేసినా, బొమ్మలు చేసినా ఊరు పట్టణమా కాదా అన్న లెక్కలోకి అది రాదు. రాష్ట్రంలో సగం మంది చేతుల కదలికను వదిలేసిన లెక్కతో ఏ ఊరు కదలకుండా ఉందో తేల్చడం అన్యాయం.

ఇక వయసు సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. అంటే రాష్ట్రమంతా వయసు పైబడుతోంది. ముసలివాళ్లు ఉండడమే చప్పదనమైతే కొన్నేళ్లకు విశాఖ కూడా ఆ జాబితాలో చేరక తప్పదు. పెద్దవాళ్లు రచ్చబండ దగ్గర, టీకొట్టు బెంచీ మీద, గుడి మండపంలో కూర్చుని మాట్లాడుకునే ఊరు చప్పటి ఊరెలా అవుతుంది? వాళ్లు కూర్చోడానికి బెంచీ లేని ఊరు చప్పటిది.

తర్వాత ఎదుగుదల సంగతి. మచిలీపట్నం జనాభా 2001లో ఒక లక్షా 79 వేలు, 2011లో ఒక లక్షా 70 వేలు. తగ్గింది. ఎదుగుదల చూసి మార్కులేసేవాళ్ల చేతిలో ఇంతకంటే తక్కువ మార్కులు పడే పెద్ద ఊరు దొరకదు. 1902లో కృష్ణా పత్రిక మొదలైన ఊరు, 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఊరు అని మేము పాత గొప్పలు చెప్పుకుని సరిపెట్టుకోం. గొప్పలతో సాయంత్రం గడవదు. మేము అడిగేది వేరు. గిల్టు నగల పని మీద, పక్కనే పెడన కలంకారీ అద్దకాల మీద ఇన్ని ఇళ్లు బతుకుతున్న ఊరి నుంచి పిల్లలు ఎందుకు వెళ్లిపోతున్నారు? జనాభా తగ్గడం ఊరి తప్పుగా రాసుకోకండి. దాన్ని ఒక ప్రశ్నగా రాసుకోండి.

చిన్న పట్టణంలో ఏడున్నరకే షట్టర్లు దిగిపోతాయని అందరూ ఎత్తిపొడుస్తారు. ఎందుకు దిగుతాయో మేము చెబుతాం. చిన్న పట్టణం బజారుకు ప్రాణం చుట్టుపక్కల పల్లెలు. బట్టల కొట్టుకి, మందుల షాపుకి, ఎరువుల కొట్టుకి, సినిమా హాలుకి వచ్చే జనంలో ఎక్కువమంది పల్లెలవాళ్లే. పల్లెకి ఆఖరి బస్సు ఏడుంబావుకైతే ఏడింటికల్లా సంచులు పట్టుకుని జనమంతా బస్టాండులో ఉంటారు. కొనేవాళ్లు వెళ్లిపోయాక కొట్టు తెరిచి ఉంచేదెవరు? ఫస్ట్ షో చూద్దామన్నా ఇంటికి చేరే దారి లేదు. ఆ ఆట ఖాళీగా నడిచి నడిచి హాలు మూతపడుతుంది, కొన్నాళ్లకి కల్యాణ మండపమవుతుంది. ఒక్క బస్సు రాత్రి తొమ్మిదిన్నరకి జరిపితే బజారు రెండు గంటలు ఎక్కువ బతుకుతుంది. ఊరి సాయంత్రాన్ని నిర్ణయించేది ఊరివాళ్ల నిద్రమొహాలు కాదని, డిపోలో వేసే టైమ్‌టేబుల్ అని మా గట్టి నమ్మకం. అందుకే మా జాబితా కోసం ప్రతి ఊరికీ నింపే పట్టికలో మొదటి గడి ఆఖరి బస్సుది.

రెండో గడి ఆడపిల్లలది. మగపిల్లలకి టీకొట్టు ఉంది, వంతెన పిట్టగోడ ఉంది, బండి ఉంది. డిగ్రీ చదివే అమ్మాయి సాయంత్రం ఆరింటికి స్నేహితురాలితో కలిసి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా ఒక గంట కూర్చోడానికి గుడి తప్ప చోటేది? అలాంటి చోటు ఒక్కటి కూడా లేని ఊరికి మిగతావన్నీ ఉన్నా మేము పైస్థానం ఇవ్వం. ఈ విషయంలో మాలో రెండో అభిప్రాయం లేదు.

మూడోది గ్రంథాలయం. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక వరస ఉంటుంది. 1960 నాటి చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసలు. అంటే మీ ఊరి గ్రంథాలయానికి మీరు ఏటా డబ్బు కడుతూనే ఉన్నారు. వసూలైన సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. చేరకుండా స్థానిక సంస్థల ఖాతాల్లో బకాయిగా పేరుకుపోవడం పాత రోగం. ప్రతి మునిసిపాలిటీ ఎంత వసూలు చేసింది, ఎంత జమచేసింది అనేది ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాలని మా మొదటి డిమాండు. ఇది కొత్త ఖర్చు కాదు, మన సొమ్ము.

పుస్తకాల విషయంలో మన తెలుగువాళ్లకి పెద్ద చరిత్రే ఉంది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెంలో మొలకెత్తిన సారస్వత నికేతనం కొత్త భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికలు, గ్రంథాలు వెతుక్కుంటూ పరిశోధకులు నేటికీ ఆ ఊరు వస్తారు. 1935లో పాతూరి నాగభూషణం పడవ మీద పుస్తకాలు పెట్టి కృష్ణా కాలవ వెంట పల్లెలకు తిప్పారు. పడవ ఆగే రేవులో జనం ఎన్ని వేలున్నారని వాళ్లు ముందుగా లెక్కపెట్టుకోలేదు. మేము వాళ్ల దారిలో నడవాలనుకుంటున్నాం.

పని ఎలా చేస్తామో కూడా చెప్పాలి. జనగణన శాఖ జిల్లా కరదీపికల్లో ప్రతి పట్టణానికి సినిమా హాళ్లు, గ్రంథాలయాలు, పఠన మందిరాలు, స్టేడియాలు ఎన్ని అని వరసలుంటాయి. ఆ ఊళ్లో తయారయ్యే ముఖ్యమైన మూడు సరుకుల పేర్లు కూడా రాస్తారు. చాలామందికి తెలియని, ఎవరూ వాడని సమాచారమిది. దాన్ని బయటికి తీస్తాం. కానీ అవి 2011 నాటివి. వాటిలో ఉన్న హాలు ఇప్పుడు గోడౌను కావచ్చు. అందుకే ప్రతి ఊళ్లో నలుగురైదుగురు కలిసి, కాగితం పట్టుకుని నడిచి సరిచూడాలి. గ్రంథాలయం తాళం ఎన్నింటికి తీస్తున్నారు, ఎన్నింటికి వేస్తున్నారు అనేది ఒకరు చెప్పింది రాయకూడదు. వెళ్లి చూసి రాయాలి. మైదానం ఉందంటే చాలదు, అందులో ఆడుతున్నారా, సంత పెడుతున్నారా, చెత్త పోస్తున్నారా రాయాలి. ఏ పార్టీ ఫ్లెక్సీ మీదా ఈ పట్టిక ఎక్కకూడదు. స్థలాల వ్యాపారుల కరపత్రాల్లోకి అసలే వెళ్లకూడదు.

పట్టిక తయారయ్యాక దాన్ని మునిసిపల్ కమిషనరుకి, డిపో మేనేజరుకి, శాసనసభ్యుడికి ఊరివాళ్లే చేతికిస్తారు. ఏడాది తర్వాత మళ్లీ అదే నడక, అదే పట్టిక. బాకీ తీరిందా, పెరిగిందా తెలుస్తుంది.

ఇక అందరికీ ఒక విన్నపం. దేశంలో తదుపరి జనగణన 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుగుతుంది. పదహారేళ్ల తర్వాత మన ఊరి అంకెలు మారబోతున్నాయి. వాటి మీదే మళ్లీ ఎన్నో గీతలు గీస్తారు. ఎన్యూమరేటరు మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ‘ఇంట్లో ఆడవాళ్లేం చేస్తారు?’ అని అడిగితే ‘ఏం చెయ్యరండీ, ఇంట్లోనే ఉంటారు’ అని మగవాళ్లు జవాబివ్వకండి. అమ్మలారా, అక్కలారా, మీరే ముందుకొచ్చి చెప్పండి. లేసు అల్లుతాను, కండెలు చుడతాను, మిషను కుడతాను, అప్పడాలు చేసి అమ్ముతాను, గేదెల్ని మేపి పాలు పోస్తాను అని మీ నోటితో మీరే చెప్పండి. ఎన్ని నెలలు చేస్తారో చెప్పండి. రాసుకున్నదేమిటో చదివి వినిపించమనండి. తప్పు రాస్తే దిద్దించండి.