ఎస్మా గుర్తించిన పని

ఆంధ్రదేశంలో ఆడవాళ్ళ ఉద్యమం అనగానే మన సభల్లో ఉపన్యాసకులు దూబగుంట దగ్గర మొదలుపెట్టి దూబగుంట దగ్గరే ఆపేస్తారు. 1992లో నెల్లూరు జిల్లాలో వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు సారా కొట్లు మూయించడం, 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ మద్యనిషేధం మాటిచ్చి గెలవడం, 1995లో నిషేధం, 1997లో దానికి నీళ్ళొదలడం, ఇంతవరకూ అందరికీ కంఠతా వచ్చు. దూబగుంట తర్వాత ముప్పై ఏళ్ళకి, 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులపాటు ఈ రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు దాదాపు లక్షమంది పని మానేసి టెంట్ల కింద కూర్చున్నారు. దాన్ని మాత్రం జీతాల గొడవ అని పక్కన పెట్టేశాం. నన్నడిగితే, నా ఎరుకలో అంతకు మించిన ఆడవాళ్ళ ఉద్యమం లేదు.

నేను కోనసీమలో కొత్తపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నెల తిరిగేసరికి పెన్షను పడుతుంది. మా తోటికోడలు అదే ఊళ్ళో అంగన్‌వాడీ కార్యకర్త. నా దగ్గర ఆరో తరగతిలో చేరిన పిల్లల్లో చాలామంది మూడేళ్ళ వయసులో ఆమె ఒళ్ళో ఏడ్చినవాళ్ళే, ఆమె చెయ్యి పట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళే. 2019 నుంచి ఆమెకొచ్చేది 11,500. ఆయాకి 7,000. ఇందులో కేంద్రం లెక్క మరీ అన్యాయం: 2018 అక్టోబరులో కార్యకర్తకి 4,500, ఆయాకి 2,250 అని నిర్ణయించారు. దాన్ని కూడా కేంద్రం, రాష్ట్రం అరవై నలభై చొప్పున పంచుకుంటాయి. మిగతాది రాష్ట్రం కలుపుతోంది.

పని సంగతి చూడండి. పొద్దున్నే సెంటరు తెరవాలి. గుడ్లు, పాలు, బాలామృతం లెక్క చూడాలి. పిల్లల బరువులు, ఎత్తులు తీయాలి. గర్భిణుల ఇళ్ళకి వెళ్ళాలి. ఓటరు జాబితా పని వస్తే బీఎల్వో కూడా ఆమే. రిజిస్టర్లు చాలవని ఫోనులో పోషణ్ ట్రాకర్ యాప్, ఈమధ్య సరుకు ఇవ్వాలంటే తల్లి మొహం ఫోటో తీసి సరిపోల్చాలి. పి.గన్నవరం, అయినవిల్లి వైపు లంకల్లో సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని ఏటిగట్టు ఎక్కే ఆడవాళ్ళని చూస్తే, ఆ యాప్ తయారుచేసినవాళ్ళు ఎన్నడైనా పడవెక్కారా అనిపిస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరిలో దాదాపు 26 లక్షల క్యూసెక్కులు పారినప్పుడు ఆ లంకల్లో ఏ ఇంట్లో పచ్చి బాలింత ఉందో, ఏ ఇంట్లో నెలలు నిండినావిడ ఉందో నోటితో చెప్పగలిగింది వీళ్ళే.

ఇంకో తమాషా. పల్లెల్లో నెలకి పదివేలు దాటి ఆదాయం ఉన్న కుటుంబానికి సంక్షేమ పథకాలు వర్తించవని గత ప్రభుత్వం గీత గీసింది. 11,500 పదివేలకి పైన కదా! దాంతో అమ్మఒడి దగ్గర మా తోటికోడలు ప్రభుత్వ ఉద్యోగి అయిపోయింది. గ్రాట్యుటీ అడిగితే మాత్రం, కాదు, సేవ చేస్తున్నావు అన్నారు. గుజరాత్ అంగన్‌వాడీల కేసులో వీళ్ళు గ్రాట్యుటీకి అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్లోనే తీర్పిచ్చింది. ఆ తీర్పు చేతబట్టుకునే వీళ్ళు సమ్మెకి దిగారు.

సమ్మె మొదలయ్యాక సచివాలయ సిబ్బందిని పంపి సెంటర్ల తాళాలు పగలగొట్టించారు. జీతంలో కోత పెట్టారు. జనవరి 6న ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవలకి అడ్డం పడకూడదనే చట్టం అది. అంటే ఈ పని ఆగితే రాష్ట్రం నడవదని ప్రభుత్వమే జీవో ఇచ్చి ఒప్పుకున్నట్టు. ఇంతకన్నా పెద్ద సాక్ష్యం వాళ్ళకి ఏ కోర్టులో దొరుకుతుంది? పని అంత అత్యవసరమైతే దానికిచ్చే జీతం అంత అల్పంగా ఎందుకుందని అడగాల్సింది మనం. మనం అడగలేదు. సంక్రాంతి పనుల్లో ఉన్నాం.

ఆ సంక్రాంతి మాటా చెప్పాలి. కనుమ నాడు ఎప్పట్లాగే జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు తరలాయి, కౌశిక నది దాటి, చేలు తొక్కుకుంటూ. దాన్ని చూడ్డానికి హైదరాబాదు నుంచి అల్లుళ్ళు దిగారు. హైకోర్టు వద్దన్న కోడిపందాలు బరులు కట్టి, లైట్లు పెట్టి నడిచాయి, లక్షలు చేతులు మారాయి. వాటికి పోలీసు అడ్డం లేదు. అదే వారం టెంట్ల దగ్గర రోడ్డు మీద ముగ్గులు వేసి, ఆ ముగ్గుల్లోనే తమ డిమాండ్లు రాసిన ఆడవాళ్ళ మీద మాత్రం ఎస్మా.

ఈ సమ్మెకి ఎదురు మాట ఉంది, దాన్ని దాటేయలేను. సెంటర్లు మూతపడితే నష్టపోయింది ఇంకా పేద ఆడవాళ్ళే. కొబ్బరి వలుపులకి, రొయ్యల షెడ్లకి పోయే తల్లులు పిల్లల్ని ఎక్కడ వదలాలి? మా వీధిలో ఒకమ్మాయి మూడేళ్ళ పిల్లని తీసుకుని రొయ్యల షెడ్డుకి వెళ్ళేది. ఐసు నీళ్ళ మధ్య ఆ పిల్ల గోనె పట్టా మీద కూర్చునేది. గుడ్డు లేదు, పాలు లేవు. ఇది మా తోటికోడలికి తెలుసు. “ఆయ్, తెలుసు అక్కయ్యా, రాత్రుళ్ళు అదే గుర్తొస్తంది” అంది. అయినా ఆ పిల్ల రొయ్యల షెడ్లో కూర్చోవాల్సి వచ్చిందన్న నింద మొత్తం పదకొండు వేల జీతగత్తె మీద వేయడం నాకు సమ్మతం కాదు. డాక్టర్లు సమ్మె చేసినా, మా టీచర్లు చేసినా నష్టం జరుగుతుంది. మమ్మల్ని మాత్రం ఎవరూ మాతృహృదయం లేదా అని అడగలేదు.

ఈ ఉద్యమం నడిపిన జి. బేబీరాణి, కె. సుబ్బరావమ్మ లాంటి నాయకురాళ్ళ పేర్లు మన కాలేజీ పిల్లల్లో ఎందరికి తెలుసు? చట్టసభల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకిచ్చే చట్టం 2023 సెప్టెంబరులోనే వచ్చింది, జనాభా లెక్కలూ నియోజకవర్గాల పునర్విభజనా అయ్యాక అమలన్నారు. రావాలి, తప్పకుండా రావాలి. కానీ ఆ సమ్మె నాటికి మా అమలాపురం ఎంపీ చింతా అనురాధ గారు. స్త్రీ శిశు సంక్షేమ మంత్రి ఉషశ్రీ చరణ్ గారు. ఇద్దరూ ఆడవాళ్ళే. ఎస్మా ఆగలేదు.

మన ప్రభుత్వాలకి, ఏ రంగు జెండా అయినా సరే, ఆడవాళ్ళకి ఇవ్వడం ఇష్టం. బాకీ ఉన్నామని ఒప్పుకోవడం ఇష్టం లేదు. అమ్మఒడి ఇచ్చారు, ఆసరా ఇచ్చారు, ఇప్పుడు తల్లికి వందనం, ఉచిత బస్సు ఇస్తున్నారు. వీటిని నేను తీసిపారేయను. బస్సు వల్ల రాజోలు నుంచి అమలాపురం ఆస్పత్రికి ధైర్యంగా వెళ్ళే ముసలమ్మలున్నారు. కానీ ఇచ్చినదానికి ఫోటో ఉంటుంది, సభ ఉంటుంది. బాకీ తీర్చినదానికి ఫోటో ఉండదు. మా తోటికోడలు మాటల్లో చెప్తే: “బటను నొక్కి వేసిన డబ్బులకి దణ్ణం పెట్టమంటారు. చేసిన పనికి అడిగితే కేసు పెడతామంటారు.”

2024 జనవరి 22 తెల్లవారకముందే విజయవాడ దీక్షా శిబిరం ఎత్తించారు. ఆ రాత్రే చర్చలు. రిటైరయ్యేటప్పుడు ఇచ్చేది పెంచుతామన్నారు, చనిపోతే మట్టి ఖర్చులకి 20 వేలు ఒప్పుకున్నారు, జీతం సంగతి జూలైలో అన్నారు. మట్టి ఖర్చులు ముందు, జీతం తర్వాత! జూలై వచ్చేలోపు ఆ ప్రభుత్వమే లేదు. ప్రతిపక్షంలో ఉండగా శిబిరాలకి వచ్చి మద్దతు పలికినవాళ్ళు గద్దెనెక్కారు. 2025 మార్చిలో ఆశా కార్యకర్తలకి గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించారు, సంతోషం. అదే మార్చిలో అంగన్‌వాడీలు మళ్ళీ విజయవాడ దారి పట్టారు. అప్పటికీ జీతం అదే 11,500.

మా పెన్షనర్ల సంఘం సమావేశంలో వీళ్ళకి మద్దతుగా ఒక తీర్మానం చేద్దామన్నాను. “వాళ్ళు మన డిపార్టుమెంటు కాదు కదా మేడమ్” అన్నారొక పెద్దాయన. ఆయన మనవడు చదువుతున్నది వాళ్ళ దగ్గరేనని గుర్తుచేశాను. తీర్మానం వాయిదా పడింది. వచ్చే సమావేశం ఎజెండాలో మళ్ళీ రాయించాను, ఈసారి మొదటి అంశంగా.