మూసిన గనిలో ఆడవాళ్ల పద్దు

వదిలేసిన గని ఊళ్లు ఇప్పుడు విహారస్థలాలయ్యాయి. కిందటి వేసవిలో మేమూ పిల్లలతో కారులో కుప్పం నుంచి బెంగళూరు వెళ్తూ కోలార్ బంగారు గనుల దగ్గర ఆగాం. తుప్పుపట్టిన యంత్రాలు, సయనైడ్ మట్టిదిబ్బలు చూసి మా అమ్మాయి "ఇక్కడ ఎవరూ ఉండరా?" అంది. ఉన్నారు. దిబ్బల పక్కనే పాత కూలి లైన్లలో కుటుంబాలున్నాయి. బెంగళూరులో పనికోసం ఆడా మగా తెల్లారకముందే రైలెక్కుతారు.

1880లో బ్రిటిష్ కంపెనీ చేతికొచ్చి, 1956లో ప్రభుత్వపరమై, 2001 ఫిబ్రవరి 28న ఈ గనులు మూతపడ్డాయి. తమిళ జిల్లాల నుంచీ, మన చిత్తూరు నుంచీ వలసవచ్చిన కూలీలు, ఎక్కువమంది దళితులు, 3 కిలోమీటర్ల లోతుకు దిగి బంగారం తీశారు. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలో పనికి రానివ్వలేదు. దాంతో మస్టర్లలో, పరిహారం లెక్కల్లో అధికం మగవాళ్లే. మరి రాతిదుమ్ముతో సిలికోసిస్ వచ్చిన భర్తకు ఏళ్లతరబడి చేసిన చాకిరీ ఏ పద్దులో రాశారు?

ఊరు ఖాళీ కాలేదు, బాధ్యతే ఖాళీ అయింది. గని మూసేముందే ఇంటి పట్టాలో భార్య పేరుండాలి, వితంతువుకు వైద్యం, జీవనోపాధి రాతపూర్వకంగా దక్కాలి. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్న సింగరేణిలో మన సంఘాలు ఈ మాట ఇప్పుడే అడగాలి.