శనివారం రాత్రి ఆ గోలని ఉండనివ్వండి

నేను ఆ పిటిషన్ మీద సంతకం పెట్టలేదు. వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు గుర్తు చేశారు, అయినా పెట్టలేదు. చివరికి ఒకావిడ ఫోన్ చేసి మరీ అడిగారు, "మీకూ పిల్లలున్నారు కదండీ, ఆ శబ్దం ఇబ్బందిగా లేదూ?" అని. పిల్లలున్నారు కాబట్టే పెట్టలేదండీ అంటే జోక్ చేస్తున్నాననుకుని నవ్వేశారు. ఫోన్లో అంతా చెప్పడం కుదరలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది నార్త్ కరొలైనాలో, షార్లెట్‌కి కాస్త ఎగువన. మన తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ ఇక్కడ కొత్త కాలనీల్లోనే. నిన్నమొన్నటి దాకా పొలాలూ, పశువులూ ఉన్న చోట ఇప్పుడు వరసగా ఒకే రంగు గరాజ్ తలుపులు. మా ఇంటికి నాలుగైదు మైళ్ళలో ఒక చిన్న కార్ల రేసు ట్రాకు ఉంది. పేరెందుకులెండి. వేసవిలో శనివారం సాయంత్రం ఏడు దాటిందంటే మొదలవుతుంది గోల. మిక్సీలో ఎండు శనగపప్పు వేసి ఆపకుండా తిప్పుతుంటే పక్కింట్లోంచి వినిపించినట్టు ఉంటుంది. రాత్రి రేసులు ఆపించాలి, కుదిరితే ట్రాకే మూయించాలి అన్నది పిటిషన్. ఆ ట్రాకు మన ఇళ్ళకంటే కొన్ని దశాబ్దాలు పెద్దది. ఇల్లు కొనేముందు స్కూలు రేటింగు చూశాం, కాస్ట్‌కో ఎంత దూరమో చూశాం, తూర్పు ముఖమో కాదో దిక్సూచి పెట్టి మరీ చూశాం. ట్రాకు ఒక్కటే కనబడలేదా మనకి?

కార్ల రేసంటే మనలో చాలామందికి టీవీలో వచ్చే నాస్కారే. నేను చెప్పేది అది కాదు. షార్ట్ ట్రాక్ అంటే చుట్టుకొలత ఒక మైలు కంటే తక్కువుండే, కోడిగుడ్డు ఆకారపు ట్రాకు. ఊళ్ళల్లో ఉండేవి చాలావరకు పావు మైలు, మూడో వంతు మైలు అంతే. కొన్ని మట్టివి, కొన్ని తారువి. ఒక చుట్టు తిరగడానికి ఇరవై సెకన్లు కూడా పట్టదు. నడిపేవాళ్ళెవరంటే వారమంతా ఏసీలు బాగుచేసేవాళ్ళు, ప్లంబర్లు, లారీ డ్రైవర్లు. వెనక ట్రైలర్ కట్టుకుని కారు తెచ్చుకుంటారు, గెలిచినా ఓడినా ఆదివారం ఉదయం చర్చికి, సోమవారం పనికి. గెలిస్తే వచ్చే డబ్బు టైర్ల ఖర్చుకి సరిపోతే గొప్ప.

పోయిన వేసవిలో అత్తయ్యగారు వచ్చినప్పుడు అందరం వెళ్ళాం. ఆవిడ ఒక అరగంట చెవులు మూసుకుని కూర్చుని, తర్వాత చేతులు తీసేసి, "ఇది మన వైపు ఎడ్ల బండలాగుడు లాంటిదేనే" అన్నారు. ఎంత సరిగ్గా చెప్పారో! ఒంగోలు గిత్తల జతని పెంచేవాళ్ళు లాభం కోసం పెంచుతారా? ఉలవలకీ, బెల్లానికీ పెట్టింది ఏ పందెంలోనూ తిరిగి రాదు. ఊరి పేరు మైకులో చదివినప్పుడు ఆ ఇంటిల్లిపాదికీ కలిగే సంతోషం కోసం పెంచుతారు. ఇక్కడా అంతే. స్టాండ్‌లో మా ముందు కూర్చున్నది ఒకే కుటుంబంలోని మూడు తరాలు. తాత ఇదే ట్రాకులో నడిపాడట, ఇప్పుడు మనవడు నడుపుతున్నాడు. నానమ్మ మాత్రం కారు కనబడిన ప్రతిసారీ కళ్ళు మూసుకుంటోంది.

ఈ రాష్ట్రంలో దీని చరిత్ర చిన్నదేం కాదు. హికరీ మోటార్ స్పీడ్‌వే 1951లో మట్టి ట్రాకుగా మొదలై, 1967లో తారు వేయించుకుంది. విన్‌స్టన్-సేలంలో బోమన్ గ్రే స్టేడియంలో అయితే ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు తారు, అందులో 1949 నుంచి వారం వారం నాస్కార్ రేసులు. రిచర్డ్ పెటీ అనే ఆయన, మనకి ఎన్టీఆర్ ఎంతో ఇక్కడి రేసు అభిమానులకి ఆయనంత, తన నూరో విజయం 1969లో ఆ పావు మైలు మీదే సాధించాడు. అప్పట్లో పెద్ద సిరీస్ కూడా ఇలాంటి చిన్న ఊళ్ళకి వచ్చేది. 1971లో 48 రేసులుండేవి. సిగరెట్ కంపెనీ స్పాన్సర్‌షిప్ వచ్చాక 1972లో వాటిని 31కి కుదించారు, చిన్న రేసులు జాబితాలోంచి పోయాయి. అప్పటినుంచి హికరీ, బోమన్ గ్రే లాంటివి తమ ఊరి జనం మీదే ఆధారపడి బతుకుతున్నాయి.

నార్త్ విల్క్స్‌బరో కథ మాత్రం తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే అది అచ్చం మన ఇళ్ళల్లో ఆస్తి పంపకాల కథ. 1947లో మొదలైన ట్రాకు. 1990ల్లో చెరి సగం ఇద్దరు వేరే ట్రాకుల యజమానుల చేతికి వెళ్ళింది. వాళ్ళకి కావలసింది ట్రాకు కాదు, దానికున్న రెండు రేసు తేదీలు. ఒకటి న్యూ హాంప్‌షైర్‌కి, ఒకటి టెక్సాస్‌కి పట్టుకుపోయారు. 1996 తర్వాత ఆ ఊళ్ళో పెద్ద రేసు లేదు. స్టాండ్ల మధ్య చెట్లు మొలిచాయి. 2019 డిసెంబర్లో డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ కొంతమందిని వెంటేసుకెళ్ళి ట్రాకు మీద గడ్డి పీకించాడు. మళ్ళీ రేసు పెట్టడానికి కాదు, ఒక కంప్యూటర్ గేము కోసం దాన్ని లేజర్‌తో కొలిపించి దాచడానికి! కూలిపోయే ముందు పాతింటికి ఫోటో తీసుకున్నట్టన్నమాట. కానీ ఆ ఫోటో చూశాక జనానికి ప్రాణం కొట్టుకుంది. కోవిడ్ సాయం కింద వచ్చిన నిధుల్లోంచి రాష్ట్రం 18 మిలియన్ డాలర్లు కేటాయించింది. 2022లో రేసులు మొదలై, 2023 మేలో నాస్కార్ ఆల్‌స్టార్ రేసు అక్కడే జరిగింది.

అందరూ దీన్ని గొప్ప విజయంగా చెప్తారు. నాకూ సంతోషమే. కానీ నా లెక్క వేరు. పద్దెనిమిది మిలియన్లూ, ఒక పెద్ద పేరూ ఎన్ని ట్రాకులకి దొరుకుతాయి? ఏడాదికోసారి టీవీ వాళ్ళతో వచ్చే పండగ వేరు, శనివారం శనివారం ఊరు కలవడం వేరు. తిరుమల బ్రహ్మోత్సవాలు బ్రహ్మాండంగా జరిగినంత మాత్రాన మీ వీధి రామాలయంలో దీపం వెలిగినట్టు కాదు కదా. సౌత్ కరొలైనాలో 1958 నుంచి ఉన్న మర్టల్ బీచ్ స్పీడ్‌వే 2020లో మూతపడింది. కాలిఫోర్నియాలో ఇర్విండేల్ ట్రాకు 1999లో కట్టిందే, ఇరవై అయిదేళ్ళకే 2024 డిసెంబర్లో ఆఖరి రేసు పెట్టేసుకుంది. రెండుచోట్లా నేల ధర పెరిగింది, రేసు కంటే నేలే ఎక్కువ పలికింది.

ఇల్లు నడిపే మనకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. ట్రాకుకి రెండు గేట్లు. ముందు గేటులో టికెట్టు కొని చూడ్డానికొచ్చే మనం. వెనక గేటులో పిట్ పాస్ కొనుక్కుని వచ్చే డ్రైవర్లూ, వాళ్ళ మెకానిక్కులూ, బావమరుదులూ. అవును, నడిపేవాళ్ళు కూడా లోపలికి రావడానికి డబ్బు కడతారు! స్టాండ్ ఖాళీగా ఉన్నప్పుడు ఆదుకునేది ఆ వెనక గేటే. ఆ పైన హాట్‌డాగులూ, కూల్‌డ్రింకులూ. ఏడాదిలో నడిచేది వసంతం నుంచి శరత్తు దాకా ఉన్న శనివారాలే, అందులో ఒక్క సాయంత్రం వాన కురిస్తే ఆ వారం సున్నా. కరెంటు, ఇన్సూరెన్స్, అంబులెన్సు, జీతాలు మాత్రం సున్నా కావు. మట్టి ట్రాకైతే నీళ్ళు చల్లి, చదును చేసి సర్దుకోవచ్చు. తారుకి ఆ సౌకర్యం లేదు. ఎండకీ చలికీ పగుళ్ళిస్తుంది, మళ్ళీ వేయించాలంటే ఎన్నో ఏళ్ళ మిగులు ఊడ్చుకుపోతుంది. పాత తారు గరుకెక్కి టైర్లని తినేస్తుంది, ఆ ఖర్చు భరించలేక డ్రైవర్లు తగ్గుతారు, కార్లు తగ్గితే చూసేవాళ్ళు తగ్గుతారు. ఇంతలో యజమానికి డెబ్భై దాటుతాయి, పిల్లలకి ఆసక్తి ఉండదు, బిల్డరు చెక్కు పట్టుకుని గుమ్మంలో ఉంటాడు. మన ఊళ్ళల్లో సినిమా హాళ్ళు ఫంక్షన్ హాళ్ళయిపోయింది ఇలాగే కదూ?

మగవాళ్ళ గోల మనకెందుకు అనుకుంటున్నారేమో. నేను పిట్ పాస్ కొనుక్కుని వెనక్కి వెళ్ళి చూశాను. ఒకమ్మాయి నడుముకి చంటిపిల్లాడిని కట్టుకుని టైర్లలో గాలి కొలిచి పుస్తకంలో రాసుకుంటోంది. భర్త కారులో కూర్చుంటే చక్రాల నట్లు ఆఖరిసారి చూసింది ఆవిడే. కంప్యూటర్లు రాకముందు ఎవరు ఎన్ని చుట్లు తిరిగారో పెన్సిల్‌తో గీతలు పెట్టి లెక్కరాసింది చాలావరకు డ్రైవర్ల భార్యలే. నడిపిన ఆడవాళ్ళూ ఉన్నారు. సౌత్ కరొలైనాలోని గ్రీన్‌విల్‌కి చెందిన లూయిస్ స్మిత్ 1947లో భర్త కొత్త ఫోర్డు కారులో డేటోనాకి రేసు చూడ్డానికి వెళ్ళి, ఉండబట్టలేక అదే కారుతో రేసులో దిగి దాన్ని నుజ్జు చేసేసింది. ఇంటికొచ్చి కారు దారిలో చెడిపోయిందని చెప్తే, ఆయన ఆ బోర్లాపడ్డ కారు ఫోటో ఉన్న పేపరు చూపించాడట! 1999లో ఇంటర్నేషనల్ మోటార్‌స్పోర్ట్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి మహిళ ఆవిడే. ఈ కథ విన్న దగ్గర్నుంచి మా అమ్మాయి వాళ్ళ నాన్న కారు తాళాల వైపు అదోలా చూస్తోంది.

ఇక పిల్లల సంగతి. మా అబ్బాయికి పదమూడేళ్ళు. తెర ముందునుంచి లేపడం నా వల్ల కావట్లేదు. వాడే చెప్పాడు విలియం బైరన్ గురించి. షార్లెట్ కుర్రాడే, ఇంట్లో కంప్యూటర్ మీద రేసు గేము ఆడి నేర్చుకుని, తర్వాత లెజెండ్స్ అనే చిన్న కార్లు, తర్వాత లేట్ మోడల్స్ నడిపి, 2024లోనూ 2025లోనూ డేటోనా 500 గెలిచాడు. గేము నుంచి పెద్ద రేసుకి మధ్య వంతెన ఈ చిన్న తారు ట్రాకులే. మా వాడు రేసర్ అవుతాడని కాదండోయ్, అంత ధైర్యం నాకు లేదు. కానీ ఆ రాత్రి రేసయ్యాక పిల్లల్ని ట్రాకు మీదకి వదిలితే, గెలిచినతను నూనె చేతులతో బానెట్ ఎత్తి కార్బ్యురేటర్ అంటే ఏమిటో వీడికి పావుగంట చెప్పాడు. ఆ పావుగంటలో వీడు ఫోన్ తీయలేదు. ఎనిమిదేళ్ళ పిల్లలు బాండొలేరో కార్లు నడుపుతుంటే వాళ్ళమ్మలు కంచె పట్టుకుని నిలబడతారు చూడండి, ఆ ముఖాలు మన స్పెల్లింగ్ బీ అమ్మల ముఖాలే. భాష ఒకటే తేడా.

శబ్దం నిజం. కాదనను. పక్కింట్లో మూడు నెలల బిడ్డ ఉంది, ఆ తల్లికి శనివారం రాత్రి నరకమే. కాబట్టి అడగాల్సింది అడుగుదాం: సైలెన్సర్లు తప్పనిసరి చేయండి, పదింటికల్లా గళ్ళ జెండా ఊపేయండి, సీజన్ తేదీలు ముందే మా మెయిల్‌బాక్సుల్లో వేయండి. చాలా ట్రాకులు ఇవి ఇప్పటికే పాటిస్తున్నాయి. మూసేయమనడం వేరు. నాష్‌విల్‌లో ఇలాంటి గొడవే వస్తే 2011లో ఓటింగ్ పెట్టారు, ఫెయిర్‌గ్రౌండ్స్‌నీ అక్కడి రేసుల్నీ ఉంచాలని జనం పెద్ద మెజారిటీతో గెలిపించారు. ట్రాకు పోతే అక్కడ పార్కు రాదండీ. గోదాములో, ఇంకో నాలుగొందల ఇళ్ళో వస్తాయి. అప్పుడు ట్రాఫిక్కు మీద ఇంకో పిటిషన్ రాసుకోవాలి.

ట్రాకు వాళ్ళకీ రెండు మాటలు చెప్పాలి. ఆడవాళ్ళ బాత్రూములు బాగుచేయండి మహాప్రభో. ఇద్దరు పిల్లలతో, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారితో వచ్చినవాళ్ళు రెండోసారి రావాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది, ఆఖరి ల్యాపులో కాదు. ఒక్కో యాక్సిడెంటుకీ ఇరవై నిమిషాలు కార్లని ఊరికే తిప్పకండి, పిల్లలకి నిద్రలొస్తాయి. శాకాహారులకి ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప ఇంకొక్కటి, కనీసం ఒక చీజ్ పిజ్జా ముక్క, ఉంచండి. ఈ చుట్టుపక్కల ఇళ్ళల్లో సగం మా వాళ్ళవే. బోర్డు మీద "నమస్తే" అని రాయక్కర్లేదు, ఒక శనివారం మా కాలనీ పిల్లలకి టికెట్టు లేకుండా రానివ్వండి చాలు.

వెళ్దామనుకునేవాళ్ళకి: పిల్లల చెవులకి ఇయర్‌మఫ్స్ తప్పనిసరి, దూది చాలదు. కిందవరసల్లో కూర్చుంటే రబ్బరు నుసి మీద పడుతుంది, పై వరసలకి వెళ్ళండి. తెల్ల బట్టలు వద్దు. మా వారు వేసుకున్నారు.