నాలుక వదిలితే గొంతు పలుకుతుంది

పోయిన వారం మన గ్రూపులో ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టారు. "40 దాటాక సంగీతం మొదలుపెట్టాను, పై షడ్జం దగ్గర గొంతు పట్టేస్తోంది, ఇక నాకు రాదేమో" అని. రెండేళ్ళ క్రితం నేనూ ఇదే మాట అన్నాను. అందుకే ఈ నెల కబురు దీని గురించే.

మా ఇంట్లో హారతి పాట ఎప్పుడూ అమ్మదే. ఇండియా నుంచి ఫోన్లో పాడేది, మేమిక్కడ లండన్లో హారతి ఇచ్చేవాళ్ళం. అమ్మ పోయాక వరలక్ష్మీ వ్రతానికి నేనే పాడాల్సి వచ్చింది. రెండో చరణానికే గొంతు పూడుకుపోయింది. అమ్మ గుర్తొచ్చిందనుకున్నారు అందరూ. అదీ నిజమే. కానీ తర్వాత వంటింట్లో ఒక్కదాన్నే పాడుకున్నా సరిగ్గా అక్కడే ఆగింది.

ఆన్‌లైన్ క్లాసులో చేరాను. మూడో క్లాసులో మా టీచర్‌గారు "కెమెరా దగ్గరికొచ్చి నోరు తెరువమ్మా" అన్నారు. చూసి, "నీ గొంతుకేం కాలేదు. నాలుక వెనక్కి ముడుచుకుంటోంది" అన్నారు. 16 ఏళ్ళుగా పేషెంట్లను నోరు తెరవమంటున్న నర్సుని, నా నాలుక సంగతి నాకే తెలీలేదు చూడండి!

నాలుక మొదలు గొంతు పైభాగంలో హయాయిడ్ అనే చిన్న ఎముకకు అతుక్కుని ఉంటుంది. స్వరపేటిక ఆ ఎముకకిందే వేలాడుతుంది. పై స్వరాలకు వెళ్ళేటప్పుడు సాయం చేద్దామన్నట్టు నాలుక వెనక్కి గుంజుకుంటుంది. దాంతో స్వరపేటిక మీద ఒత్తిడి పడుతుంది, శబ్దం వచ్చే దారీ ఇరుకవుతుంది. అందుకే పాట మింగేసినట్టు వినిపిస్తుంది.

మీకూ ఉందేమో చూసుకోండి. గడ్డం ఎముక వెనకాల, కింద మెత్తగా ఉండేచోట బొటనవేలు ఆనించి గుటక వేయండి. అక్కడ గట్టిపడి వేలిని తోస్తుంది కదా? ఇప్పుడు "ఆ" అని పాడండి. మెత్తగానే ఉండాలి. మళ్ళీ వేలిని తోస్తోందంటే నాలుక బిగుసుకున్నట్టే.

నేను రోజూ 5 నిమిషాలు చేసేది ఇది. అద్దం ముందు నిలబడి, నాలుక కొసను కింది పళ్ళ వెనకాల ఆనించి, మధ్యస్థాయిలో ఆకారం పాడతాను. తర్వాత డాక్టరుకు చూపించినట్టు నాలుక బయటికి చాపి, కింది పెదవి మీద వదిలేసి "సా పా సా" స్థానాలను ఆకారంలోనే పాడతాను. అది లోపలికి పారిపోతుంది. పోనివ్వండి, మళ్ళీ తెచ్చుకోండి, చేత్తో లాగొద్దు. ఆఖర్న దవడ కదలకుండా "లలల". అప్పుడు సరళీ స్వరాలు. "గ" అనేటప్పుడు నాలుక వెనకభాగం పైకి లేస్తుంది. అది మళ్ళీ కిందికి దిగిందో లేదో గమనించండి. దిగకపోతే ఆ తర్వాత స్వరాలన్నీ ఇరుకే.

ఇంకో మాట. శ్రుతి మరీ ఎక్కువ పెట్టుకోకండి. నేను అర శ్రుతి తగ్గించాక సగం బాధ పోయింది. 12 గంటల డ్యూటీ దిగి నేరుగా పాడకండి. రోజంతా పళ్ళు బిగబట్టి, అనాల్సిన మాటలు లోపలే దాచుకుని ఇంటికొస్తాం, ఆ బిగువంతా దవడలో, నాలుకలోనే ఉంటుంది. ముందు కాసిని గోరువెచ్చని నీళ్ళు తాగి, రెండు ఆవులింతలు తీయండి. నొప్పి వస్తే ఆపేయండి. గొంతు బొంగురు 3 వారాలకు మించితే డాక్టరుకు చూపించుకోండి, సాధనతో సర్దుకుంటుందని ఊరుకోవద్దు.

మొన్న వ్రతానికి హారతి మొత్తం పాడాను. అమ్మంత బాగా కాదు. కన్నీళ్ళూ వచ్చాయి, కానీ పాట ఆగలేదు. మా అమ్మాయి పక్కన నిలబడి చివరి చరణం అందుకుంది.

వాయిస్ మెసేజ్ పెట్టిన చెల్లీ, రెండు వారాలు చేసి చూడు. మళ్ళీ పాడి పంపించు, వింటాం.