బొటనవేలు నొక్కడానికేనా?

నాడు ఏకలవ్యుడి బొటనవేలు కోసి ఇమ్మన్నారు. నేడు మన పిల్లల బొటనవేలు ఎవరూ కోయడం లేదు. తెర మీద నొక్కుతూ కూర్చోమంటున్నారు.

డిజిటల్ ఆటలతో, ఆగ్మెంటెడ్ రియాలిటీతో పిల్లల్లో ఆలోచనాశక్తి పెంచుతామని కంపెనీలూ ప్రైవేటు బడులూ ఒకటే పాట పాడుతున్నాయి. ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటే మంత్రమేమీ కాదు. ఫోను కెమెరాను పుస్తకంలో బొమ్మ మీద పెడితే, ఆ బొమ్మ తెరలో లేచి నిలబడుతుంది. గుండెను అన్ని వైపులా తిప్పి చూడొచ్చు. ల్యాబు లేని బడికి అది మంచి సాయమే. కానీ దానికి తగిన ఫోను కావాలి. కూలికి పోయిన తల్లితో పాటే ఫోనూ పోతే, పిల్ల దేంట్లో చూడాలి?

మేము యంత్రానికి వ్యతిరేకం కాదు. అది పిల్లల చేత ఏం చేయిస్తోంది అన్నదే మా ప్రశ్న.

అసలు ఆలోచన మనకు కొత్తా? బండ మీద గీసి ఆడే పులిజూదం చూడండి. 3 పులులు, 15 మేకలు. పులి దూకి మేకను చంపుతుంది. మేకకు చంపే బలం లేదు. ఒంటరి మేక చస్తుంది. మేకలన్నీ కూడి దారులు మూస్తే పులి కదల్లేక ఓడుతుంది. ఇంతకు మించిన పాఠం ఏ కంపెనీ అమ్ముతుంది?

ఓడి, ఎందుకు ఓడామో చూసుకుని, ఎత్తు మార్చే చోట ఆలోచన పుడుతుంది. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కితే నక్షత్రాలు రాల్చేది ఆట కాదు, రంగు పూసిన బట్టీ. వల్లెవేసే చదువులో ప్రశ్నకు చోటు లేదు, మనకైతే ఆ చదువులోనే చోటు లేదు. ఇప్పుడు లోపలికి రానిచ్చి మళ్లీ వల్లెవేతే చేతిలో పెడతారా?

పిల్లలే కంప్యూటరుకు పని చెప్పాలి, కంప్యూటరు పిల్లల్ని ఆడించకూడదని సేమోర్ పాపర్ట్ 1980లోనే పుస్తకం రాసి వాదించాడు. ఆ దారిలోనే అమెరికాలోని ఎంఐటీ 2007లో స్క్రాచ్ తెచ్చింది. ఉచితం. ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. ఆజ్ఞల ముక్కలు పేర్చి పిల్లలే ఆట కడతారు. పులిజూదం అందులో కట్టాలంటే పులి ఎప్పుడు దూకాలి, ఎప్పుడు ఓడినట్టు అని ఒక్కో నియమం తేల్చుకోవాలి. అదీ ఆలోచన అంటే!

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. లోపల బైజూస్ పాఠాలు. పేద పిల్లకు ట్యాబు ఎందుకని మూతి విరిచేవాళ్ల ఇళ్లలో అది ఎప్పుడో ఉంది. కాబట్టి ఇవ్వడం తప్పనం. చూడ్డానికి పాఠం ఇచ్చారు సరే, కట్టడానికి పని ఇచ్చారా? 2024 జూలైలో ఆ కంపెనీ మీదే దివాలా విచారణ మొదలైంది. కంపెనీతో పాటు కూలే చదువు మనదెట్లా అవుతుంది?

ఇంకో సంగతి. నిజం వీధుల మీదే ఫోనులో బొమ్మలు చూపించే పోకెమాన్ గో ఆట 2016లో వచ్చింది. అమెరికా నగరాల్లో నల్లవాళ్ల వాడల్లో ఆట సరుకు దొరికే చోట్లు తక్కువని ఆ ఏడే బయటపడింది. అంతకు ముందటి ఆటలో ఆటగాళ్లు గుర్తించిన స్థలాలతో ఆ పటం తయారైంది. గుర్తించినవాళ్లలో నల్లవాళ్లు తక్కువ. పనిగట్టుకుని ఎవరూ వెలివేయనక్కర్లేదు, పటం గీసేచోట మనం లేకపోతే చాలు. ఊరి పటంలో వాడ లేకపోవడం మనకు తెలియనిదా?

2023-24లో దేశంలో పనిచేసే కంప్యూటరున్న బడులు 57.2 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 53.9 శాతం. ఇది ప్రభుత్వ లెక్కే. మిగతా బడుల్లో ఎవరి పిల్లలున్నారో వేరే చెప్పాలా?

అన్నలారా, అక్కలారా! మీ ఊరి బడికి, హాస్టలుకు పోండి. కంప్యూటర్లు ఉన్నాయా, గదికి తాళం ఎందుకుందని అడగండి. ఆడపిల్లల చేతికి వస్తున్నాయా, తెలుగులో నేర్పుతున్నారా, ఆట కట్టడం నేర్పే టీచరెక్కడని నిలదీయండి.

ఇన్నాళ్లూ మనువు రాసిన నియమాలతో ఆడి ఓడాం. ఇక నియమాలు మన పిల్లలు రాయాలి!